ఒకే ఇంట్లో ఉంటేనే చెయ్యి పట్టుకోవాలి

నేను ఉద్యోగం చేసినంతకాలం ఎగిరేవాళ్లకి బట్టలు కుట్టాను. కూర్చునేవాళ్లకి కుట్టడం ఎవరికైనా వస్తుంది. ఎగిరేవాళ్ల జాకెట్టు చంక దగ్గర కాస్త బిగిసినా చెయ్యి పైకి లేవదు. కాస్త వదులైనా మనిషి గాల్లో తిరిగేసరికి జాకెట్టు వెనకబడుతుంది. జర్మనీలో ఒక మధ్యరకం ఊళ్లో, ఊరి సొమ్ముతో నడిచే థియేటర్‌లో, బాలే జట్టుకి దుస్తులు కుట్టేదాన్ని. ప్రదర్శన రోజున తెర పక్కన నిలబడి వాటిని తొడిగేదాన్ని, విప్పేదాన్ని. రెండేళ్ల కిందట రిటైరయ్యాను.

డెగ్గెన్‌డార్ఫ్‌లోనో ఇల్మెనౌలోనో చదువుకునే మీలాంటి పిల్లలు పండగలప్పుడు కలిస్తే "ఆంటీ, మీది ఆర్ట్ ఫీల్డు, సూపర్ కదా" అంటారు. పోయిన ఉగాదికి పాడర్‌బోర్న్ నుంచి వచ్చిన ఒకబ్బాయి ఇంకో మెట్టెక్కి, "మాకులాగా లేఆఫ్‌లూ అవీ మీకుండవు, అక్కడంతా ఫ్యామిలీలాగా ఉంటారట" అన్నాడు. పండగపూట నోరు చేసుకోవడమెందుకని ఊరుకున్నాను. బాబూ, నీకు జవాబు ఇప్పుడు చెబుతున్నాను. కాస్త చేదుగానే ఉంటుంది, ఉగాది పచ్చడిలో వేపపువ్వు మటుకే వేసుకున్నట్టు.

ముందు ఒక రూలు చెప్పాలి. అది తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. ఇక్కడి థియేటర్లలో డాన్సర్లకి ఏ ఏటికాయేడు కాంట్రాక్టు. ఒకే చోట పదిహేనేళ్లు దాటితే మాత్రం ఇక వాళ్లని తీసెయ్యడానికి వీల్లేదు. పనిచేసేవాళ్లని కాపాడాలనే పెట్టిన రూలు. జరిగేది వేరు. ఆ గీత దగ్గరపడుతోందనగానే మనిషిని పిలిచి, "మీ కాంట్రాక్టు పొడిగించడం లేదు" అంటారు. పాతవాళ్లకి ఈ కబురు ఏడాది ముందుగా, జులై నెలాఖరులోపు చెప్పాలి. దేశమంతా వేసవి కోసం కాచుకుని కూర్చుంటుందా, మా డాన్సర్లకి మాత్రం జూన్ వచ్చిందంటే అన్నం సయించదు. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, నడుం కొలత తీస్తే తెలిసిపోయేది.

ఇక మనుషుల సంగతి. దీపాల విభాగంలో ఒక హైదరాబాదీ ఉండేవాడు. పాతబస్తీ మనిషి. నాకన్నా ముందే ఆ థియేటర్‌లో చేరాడు. నేను భాయ్ అనేదాన్ని, అతను నన్ను అక్కా అనేవాడు. అతని నోట విని విని జట్టంతా నా పేరే అక్క అనుకున్నారు. డైరెక్టరుతో సహా అందరికీ నేను అక్కనే. మా ఇద్దరికీ ఒక్క విషయంలో పడేది కాదు. నేను తెచ్చిన రంగులు అతని దీపాల కింద చచ్చిపోయేవి. "నీ లైట్లు తగలెయ్య" అని నేనూ, "మీ బట్టలే గట్లున్నయ్, లైట్లేం జేస్తయ్" అని అతనూ. తెలుగులో తిట్టుకునే సుఖం వల్లనే అన్నేళ్లు అక్కడ నిలబడ్డామేమో.

రెండో మనిషి ఈ కథకి అసలు మనిషి. నల్లసముద్రం అంచు నుంచి చిన్నవయసులోనే ఇక్కడికి వచ్చిన డాన్సరు. ఎప్పుడూ వరసలో మూడోదో నాలుగోదో. వనదేవతల్లో ఒక వనదేవత, పెళ్లిలో ఒక అతిథి. ఆమెకి కాళ్లకన్నా ముఖం ఎక్కువ తెలివైనది. డ్రెస్సింగ్ రూములో ఎవరి నడక చూపించినా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. డైరెక్టరు ఆ సంగతి పదేళ్లు ఆలస్యంగా కనిపెట్టాడు. కనిపెట్టాక ఒక పాత హాస్య బాలే ఎంచుకుని, నాయిక పాత్ర ఆమెకే ఇచ్చాడు. అప్పటికి ఆమె ఆ గీతకి దగ్గరలో ఉంది. మరుసటి జులైలో తీసెయ్యకపోతే ఇక ఎవరూ కదపలేరు. "ఈ పాత్ర చేసి చూపించు. నీ తరఫున వాదించడానికి నాకూ ఒక ఆధారం కావాలి" అన్నాడట. ఆ మాట నాతో చెబుతున్నప్పుడు ఆమె రెండు చేతులూ నా చేతులమీద పెట్టింది. నేను పళ్లమధ్య గుండుసూదులు పట్టుకునే తలూపాను.

బాలే కథ చాలా తేలికైనది. తండ్రి తన కూతురిని ఒక ముసలి వైద్యుడికి ఇచ్చి చెయ్యాలనుకుంటాడు. ఆ పిల్ల పెళ్లి తప్పించుకోవడానికి దొంగజబ్బు తెచ్చుకుంటుంది. పరీక్ష చెయ్యడానికి ఆ ముసలివాడే వస్తాడు. పిల్ల ప్రేమించినవాడు వైద్యుడి సహాయకుడిగా వేషం వేసుకుని వెంట వస్తాడు. ఆమె నాడి పట్టుకుంటాడు, వదలడు. ఆ నాడి పట్టుకునే ఇద్దరూ డాన్సు చేస్తారు, అదే ఆ బాలేకి ప్రాణం. చివర్లో పిల్ల తుమ్ముతుంది. ఆ తుమ్ము వైద్యుడికి, అతన్నించి తండ్రికి, ఆపైన ఊరందరికీ తాళం తప్పకుండా అంటుకుంటుంది. అందరూ తుమ్ముతూ ఉండగా ప్రేమికులు పారిపోతారు.

ఈ కథతో కూర్చున్నాం, లోకంలోకి కరోనా వచ్చింది.

వసంతంలో వెయ్యాల్సిన మొదటి ప్రదర్శన రద్దయింది. డాన్సర్లని ఇళ్లకి పంపించారు, వంటింటి గట్టు పట్టుకుని సాధన చేసుకోమన్నారు. మమ్మల్ని మాత్రం పిలిచారు. లంగాల లోపల వెయ్యడానికి తెచ్చిన మంచి నూలుగుడ్డ అంతా కత్తిరించి ఊరి ఆసుపత్రికి మాస్కులు కుట్టాం. ఆ పనిలో నాకు ఏ బాధా లేదు. డైరెక్టరు రోజూ వీడియోలో కనిపించి "మనమంతా ఒక కుటుంబం, మనల్ని ఎవరూ విడదీయలేరు" అనేవాడు. ఆ ముక్క విన్నప్పుడల్లా నా మిషను పెడలు కాస్త గట్టిగా తొక్కేదాన్ని.

వేసవి మొదట్లో మళ్లీ రమ్మన్నారు. హాలులో ఒక్కొక్కరినీ దూరదూరంగా కూర్చోబెట్టి డైరెక్టరు కొత్త నిబంధనలు చదివాడు. డాన్సర్లు ఒకరినొకరు తాకకూడదు. ఒకే హౌస్‌హాల్ట్‌కి చెందినవాళ్లు, అంటే ఒకే ఇంట్లో కాపురముంటున్నట్టు రికార్డులో ఉన్నవాళ్లు మాత్రమే చేతులు పట్టుకోవచ్చు, ఎత్తుకోవచ్చు. 

నా వెనక వరసలోంచి భాయ్ గొంతు తగ్గించి అన్నాడు. "అక్కా, గిది మా అమ్మీ పెట్టిన రూలే గదా. నికా అయినంకనే చెయ్యి వట్టుకోవాలె అంటుండె. జర్మనోల్లకు ఇప్పుడు సమజైంది." 

"నోరు మూసుకో భాయ్, ఆ పిల్ల మొహం చూడు" అన్నాను.

ఆమె మొహం తెల్లబోయింది. ఆమెతో నాయకుడి పాత్ర చేస్తున్నవాడు పెళ్లాం పిల్లలున్నవాడు. వాళ్ల హౌస్‌హాల్ట్ వేరు. నాడి పట్టుకునే డాన్సు లేకపోతే బాలేయే లేదు. ఆ గదిలో అప్పటికే ఒకే ఇంట్లో ఉంటున్న జంట ఒకటుంది. ఇద్దరూ కొత్తగా చేరిన పిల్లలు, ఇద్దరూ డాన్సర్లే. డైరెక్టరు కళ్లు వాళ్లవైపు తిరగడం నేనూ చూశాను, ఆమె కూడా చూసింది.

మర్నాడు లంగా కొలతకి వచ్చింది. స్టూలు మీద నిలబెట్టి అంచు సరిచేస్తున్నాను.

"అక్కా, ఇల్లు మారుతున్నాను" అంది.

"ఎక్కడికి?"

"వాడింటికి."

వాడంటే ఆమె మాజీ మొగుడు. అతనూ మా జట్టులోనే డాన్సరు. స్పెయిన్ వాడు, ఆమెకన్నా చాలా ముందొచ్చాడు. పదిహేనేళ్ల గీత ఎప్పుడో దాటేసి నిశ్చింతగా ఉన్నాడు. చెడ్డవాడు కాదు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఎవరు పిలిస్తే వాళ్లింటికి పోయేవాడు, ఎప్పుడొస్తాడో చెప్పేవాడు కాదు. ఎదురుచూసే పని మానుకోవడానికే ఆమె విడాకులు తీసుకుంది. విడిపోయిన ఏడాది ఆమె కుట్టుగదిలో నా బల్లకింద కూర్చుని ఏడ్చేది, ఎవరైనా వస్తే నేను గుడ్డ అడ్డం వేసేదాన్ని.

"నీకేమైనా మతిపోయిందా? వాణ్ని వదిలించుకోవడానికి ఎంత అవస్థపడ్డావు!" అన్నాను.

"పడ్డాను. ఇప్పుడు ఈ పాత్ర కావాలి. వాడికి నాయకుడి అడుగులన్నీ తెలుసు. ఒంటరిగా ఉంటున్నాడు. అడిగాను, సరేనన్నాడు." లంగా మడత సర్దుకుంటూ అంది, "వాడు దేనికైనా సరేనంటాడు, తెలుసు కదా."

నేను అంచు కుడుతూనే ఉన్నాను. ఆమెకి ఏం చెప్పను? ఇంకో ఉద్యోగం చూసుకో అనేనా? నలభై దగ్గరపడుతున్న డాన్సరుకి ఇంకో ఉద్యోగం అంటే ఇంకో జన్మే.

డైరెక్టరు ఒప్పుకున్నాడు. అయితే అన్‌మెల్డుంగ్ కావాలన్నాడు, ఫలానా ఇంట్లో ఉంటున్నట్టు ఊరి ఆఫీసులో నమోదు. అప్పట్లో ఆ ఆఫీసు సగం మూసి ఉంది, టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు దొరికితేనే లోపలికి రానిచ్చేవాళ్లు. రోజూ పొద్దున్నే భాయ్ గేటు దగ్గర ఆమెని చూసి జర్మన్‌లో అడిగేవాడు, "టెర్మిన్ దొరికిందా?" ఆమె తల అడ్డంగా ఊపేది. చివరికి దొరికిన రోజున కారిడార్ చివర నుంచే కేక పెట్టింది, "మొదటిసారి పెళ్లికి కూడా ఇంత తిరగలేదు!" 

భాయ్ నావైపు తిరిగి, "అక్కా, జిందగీల మొదటిసారి జూస్తున్న, విడాకులైనోల్లను సర్కారు గల్పుడు" అన్నాడు. నవ్వాం. ఆ నెలల్లో నవ్వడానికి అంతకన్నా ఏం దొరకలేదు.

రిహార్సల్స్ మొదలయ్యాయి. పిల్లలూ, నేను ఎన్నో బాలేలు తెర పక్కనుంచి చూశాను. పక్కనుంచి చూస్తే చెమట కనిపిస్తుంది, రొప్పు వినిపిస్తుంది, అందం సగం పోతుంది. ఈ ఒక్కదాన్ని మాత్రం హాలులో కూర్చుని చూడనిచ్చారు, తెర వెనక జనం తక్కువుండాలని. దొంగజబ్బు నటించేటప్పుడు ఆమెకి ముందు మోకాలు నీరసపడేది, తర్వాత మోచెయ్యి, ఆ తర్వాత ఒక్క కనుబొమ్మ. ముసలి వైద్యుడు అటు తిరగ్గానే మూడూ ఒక్కసారి లేచేవి. నేను మాస్కులో నవ్వి నవ్వి కళ్లద్దాలు మసకబారి సగం చూడలేకపోయాను. రెండు వరసల అవతల భాయ్ భుజాలు ఊగిపోతున్నాయి.

అతను ఆమె నాడి పట్టుకున్నప్పుడు మాత్రం నవ్వు ఆగిపోయేది. వాళ్లిద్దరూ బయట మాట్లాడుకునేవాళ్లు కాదు. ఇంట్లో ఆమె చిన్నగదిలో, అతను హాలులో. వేదిక మీద అతను చూడకుండా చెయ్యి చాచేవాడు, ఆమె చూడకుండా అందులో పడేది. ఆ కొత్త జంట కూడా అదే డాన్సు నేర్చుకుంటూ పక్కన నిలబడి చూసేవాళ్లు. మంచి పిల్లలే, నాకు వాళ్లమీద ఏ కోపం లేదు. అడుగులు చక్కగా వేసేవాళ్లు. నవ్వు మాత్రం వచ్చేది కాదు, అది వాళ్లకీ తెలుసు. ఆ అమ్మాయి ఒకసారి కొలత ఇస్తూ "ఆవిడ తుమ్మే ముందు ఒక క్షణం ఆగుతుంది అక్కా, ఆ ఆగడం నాకు రావడం లేదు" అంది.

వేసవి సెలవులకి ముందు ఒక చిన్న ప్రదర్శన పెట్టారు. టిక్కెట్లు లేవు. డైరెక్టరు, థియేటర్ పెద్దలు, ఊరి తరఫున డబ్బిచ్చే కమిటీవాళ్లు, అంతే. అది చూసి శరదృతువులో పెద్దఎత్తున వెయ్యాలా వద్దా అని నిర్ణయిస్తారు. కమిటీ ముందు ఆమె నవ్వించగలిగితే జులై గండం గట్టెక్కినట్టే. ఆ సంగతి థియేటర్‌లో గేటు కాపలావాడికి కూడా తెలుసు.

ఆ వారం మొదట్లో ఒక పొద్దున్న ఫోన్ చేసింది.

"అక్కా, వాడికి వాసన తెలియడం లేదు. కాఫీ మాడిపోయి ఇల్లంతా కంపు కొడుతోంది, ముందర కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు."

"ఎక్కడికైనా వెళ్లాడా?"

"పోయిన వారం స్నేహితుడి తోటలో గ్రిల్ పార్టీ. వెళ్లొద్దని చెప్పాను. సరేనన్నాడు." ఆమె నవ్వింది, నవ్వు వెనక ఇంకేదో ఉంది. "సరేనని వెళ్లాడు."

అప్పుడు నేను ఒక మాట అన్నాను. "నీకేమైనా ఉందా?" 

"లేదు. నేను బాగానే ఉన్నాను."

ప్రదర్శన నాలుగు రోజుల్లో ఉంది. వాసన తెలియడం లేదని అతను చెబితే తప్ప ఎవరికీ తెలియదు. దొంగజబ్బు నటించేదానికి జబ్బు లేనట్టు నటించడం ఎంతసేపు?

"ఏం చేస్తావు?" అన్నాను.

"చేసేశాను. ముందు డైరెక్టరుకి ఫోన్ చేశాను, ఆ తర్వాతే నీకు. వైద్యుడి వేషం వేసే ముసలాయనకి ఊపిరితిత్తులు బాగాలేవు. ఆయన మొహంలోకి నేనే కదా తుమ్మాల్సింది."

అతనికి పాజిటివ్ వచ్చింది. ఆమెకి నెగెటివ్. ఆమెకి నెగెటివ్ వచ్చినా లాభం లేదు, ఎందుకంటే ఒకే హౌస్‌హాల్ట్. ఆ రోజుల్లో ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్లూ రెండువారాలు గడప దాటకూడదు. ఏ ఇంట్లో చేరితే అతని చెయ్యి పట్టుకోనిచ్చారో, ఆ ఇంట్లో ఉన్నందుకే ఆమెని బయటికి రానివ్వలేదు. రూలు తన పని తాను చేసుకుపోయింది. రూలుకి కళ్లుండవు, పెట్టినవాళ్లకి ఉండాలి.

కమిటీ ముందు కొత్త జంట చేసింది. నేనే ఆ అమ్మాయికి లంగా తొడిగాను. దుస్తుల లోపల డాన్సరు పేరు రాసిన చిన్న గుడ్డపట్టీ కుడతాం. ప్రదర్శనకి ముందు మా విభాగం హెడ్డు వచ్చి పట్టీ మార్చమంది. "ఈ ఒక్కరోజుకేగా, పిన్నుతో పెడతాను" అన్నాను. "కుట్టెయ్యండి అక్కా" అంది, నా మొహం చూడకుండా. అప్పుడే తెలిసింది నాకు, ఆ పాత్ర ఇక మా పిల్లకి తిరిగి రాదని. కమిటీవాళ్లు మర్యాదగా చప్పట్లు కొట్టారు. తుమ్ముల దగ్గర ఒకాయన మాస్కు సరిచేసుకున్నాడు.

ప్రదర్శన అయిన నాలుగోనాడు సాయంత్రం నేనూ భాయ్ కలిసి ఇంట్లో చిక్కుకున్న ఆమెకి భోజనం తీసుకెళ్లాం. నేను పప్పుచారు, అన్నం పెట్టాను. భాయ్ వాళ్లావిడ కిచిడీ, ఖట్టా పంపించింది. ఆమె ఉంటున్నది మూడోఅంతస్తు, చుట్టూ నాలుగువైపులా ఇళ్లు, మధ్యలో ఒక పెరడు. మేము పెరట్లో నిలబడి ఫోన్ చేస్తే ఆమె బాల్కనీలోకి వచ్చింది. భాయ్ కారులోంచి తాడూ, గంపా తీశాడు.

"మా గల్లీల గిట్లనే కూరగాయల్ కొంటరక్కా" అని తాడు చుట్టి ఆమెకి విసిరాడు. రెండోసారికి అందుకుంది. గంప పైకి పోయింది.

"పొద్దున్న వీడియో మీటింగ్ అయింది" అంది పైనుంచి. మామూలు గొంతుతోనే అంది. "పొడిగించడం లేదు. వచ్చే వేసవితో సరి."

"ఏం కారణం చెప్పాడు?"

"కళాపరమైన కారణాలు. చట్టంలో ఆ మాటే ఉండాలట. జట్టు కొత్త దారిలో వెళుతోందట. కమిటీ ముందు నన్ను చూపించే అవకాశం లేకపోయిందని చాలా బాధపడ్డాడు."

"వాదిస్తానన్నాడు కదా, ఆయనే కదా చెయ్యమంది!"

"వాదించడానికి ఆధారం లేదన్నాడు."

"హరామ్‌గాడు" అన్నాడు భాయ్, రంజాన్ నెలలో తప్ప ఎప్పుడూ అదుపులో ఉండే మాట కాదు అతనిది. "ఎట్ల జెప్పిండు? కండ్లల్ల కండ్లు వెట్టి జెప్పిండా?" అది నేను ఆమెకి జర్మన్‌లో చెప్పాను.

ఆమె గంప కింద పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి, కళ్లద్దాలు సర్దుకుంది. ఆమెకి కళ్లద్దాలు లేవు. ఒక చెయ్యి గుండెమీద పెట్టుకుని, తల పక్కకి వాల్చి, పెదవులు కదిపింది. కంట్లో తడి తుడుచుకుంటూ మణికట్టు మీద గడియారం చూసుకుంది. మళ్లీ గుండెమీద చెయ్యి. అచ్చం డైరెక్టరే. భాయ్ పకాలున నవ్వాడు. నేనూ ఆపుకోలేకపోయాను. ఎదుటి బాల్కనీలో మొక్కలకి నీళ్లు పోస్తున్న ముసలావిడ పోయడం ఆపి చూసింది.

ఆమె ఆగలేదు. తన మణికట్టు తానే పట్టుకుని నాడి చూసుకుంది. మోకాలు నీరసపడింది, మోచెయ్యి, ఆపైన కనుబొమ్మ. కింది అంతస్తులో పిల్లలు రెయిలింగ్ పట్టుకుని పైకి చూస్తున్నారు. ఇంకో కిటికీ తెరుచుకుంది, ఇంకోటి. ఆ తర్వాత వచ్చింది తుమ్ము. వచ్చేముందు ఒక్క క్షణం ఆగింది, పెరడంతా ఆగింది. అప్పుడు తుమ్మింది, కాలివేళ్ల దాకా. నాలుగువైపుల నుంచీ నవ్వు లేచింది. "నోహ్ మాల్! నోహ్ మాల్!" అని ఒక పిల్ల అరిచింది, మళ్లీ చెయ్యమని. మాస్కులు లేని మొహాలతో అంతమంది కలిసి నవ్వడం నేను చూసి ఎన్ని నెలలైందో.

బాల్కనీ పక్కనే వంటింటి కిటికీ. అతను అక్కడికి వచ్చి నిలబడ్డాడు. మాస్కు కట్టుకుని, జుట్టు చెదిరి, జ్వరం మొహంతో. సంగీతం లేకపోయినా తన వంతు వచ్చిందని అతనికి తెలిసింది. కిటికీలోంచి చెయ్యి బయటికి చాచాడు, ఎప్పట్లాగే ఆమెవైపు చూడకుండా.

ఆమె ఆ చెయ్యిని చూసింది. పట్టుకోలేదు. ఎదుటి బాల్కనీలవాళ్లకి పద్ధతిగా వంగి నమస్కరించి, గంప తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు, వాళ్లకేం తెలుసు.

భాయ్ కారులో నన్ను ఇంటికి తీసుకొచ్చాడు. మా ఇంటి దగ్గర దించుతూ, "ఆమెకు నేను ఒక్క లైటు గూడ ఎయ్యలేకపోయిన అక్కా" అన్నాడు.

ఆ తర్వాత ఆమెకి ఇంకో ఏడాది కాంట్రాక్టు ఉంది, కాగితం మీద. శరదృతువులో వెయ్యాల్సిన బాలే వెయ్యనేలేదు, థియేటర్లన్నీ మళ్లీ మూసేశారు. కొత్త జంటకీ దక్కలేదు. ఆమె క్వారంటీన్ అయిన మర్నాడే అతని ఇల్లు ఖాళీ చేసి ఒక ఒంటిగది చూసుకుంది. మిగతా డాన్సర్లందరిలాగే చలికాలమంతా ఇంట్లో కూర్చుంది. వేసవిలో కాంట్రాక్టు ముగిసింది. వీడ్కోలు సభ పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవన్నారు. పూలు కొరియర్‌లో పంపించారు. వాటిని ఆమె పొరుగింటివాళ్లు తీసుకుని పెట్టుకున్నారట, ఆమె ఊళ్లో లేకపోవడంతో. వచ్చేసరికి వాడిపోయాయి.

నా సలహా అడక్కుండా ఎవరికీ ఇవ్వను గానీ, పిల్లలూ, ఈ ఒక్కటీ వినండి. మీ ఆఫీసులో మేనేజరు మిమ్మల్ని కుటుంబం అంటే ఆరోజు సాయంత్రం ఇంటికెళ్లి కాంట్రాక్టు తీసి ఇంకోసారి చదువుకోండి. డైరెక్టరు రాక్షసుడేం కాదు. నా పుట్టినరోజు గుర్తుపెట్టుకుని కేకు తెచ్చేవాడు. రూలుకి తలవంచాడు, అంతకన్నా ఏమీ చెయ్యలేదు. అంతకన్నా ఏమీ చెయ్యకపోవడమే ఆ పిల్లని మింగింది. ఆమె మటుకు ఆ రూలు కోసం వదిలించుకున్నవాడి ఇంటికి తిరిగి వెళ్లింది, ఆ రూలు కోసమే నోరు తెరిచి నిజం చెప్పింది. రెండుసార్లూ మూల్యం ఆమెదే.

ఆమె కాంట్రాక్టు ముగిసిన ఏడాదే శరదృతువులో ఎట్టకేలకు బాలే వేశారు. హాలులోకి రావాలంటే టీకా వేసుకున్నట్టు ఆధారం చూపించాలి. గేటు దగ్గర తనిఖీకి ఎవరినో ఏజెన్సీ నుంచి పెట్టుకున్నారని విన్నాను. నేను వెనకదారిన వస్తాను కాబట్టి చూడలేదు. భాయ్ వచ్చి నా చెయ్యి పట్టుకున్నంత పనిచేశాడు.

"అక్కా, ముంగటి దర్వాజ కాడ ఎవరున్నరో ఎర్కేనా? ఆమెనే. నల్ల కోటు ఏసుకొని ఒక్కొక్కల్ల ఫోన్ స్కాన్ జేస్తున్నది."

నమ్మలేదు. పరుగున వెళ్లి అద్దాల తలుపులోంచి చూశాను. నిజమే. వచ్చిన ప్రతివాళ్లకీ నవ్వుమొహంతో "ఆనందించండి" అంటోంది. తన బాలేకి తానే జనాన్ని లోపలికి పంపిస్తోంది. నేను వెళ్లి పలకరించేలోపు గంట మోగింది, కొత్తమ్మాయికి జాకెట్టు హుక్కులు పెట్టాల్సినదాన్ని నేనే.

ప్రదర్శన బాగా జరిగింది. అబద్ధం ఎందుకు చెప్పను? జనం నవ్వారు. ఏడాదిన్నర నుంచి నవ్వడానికి బయటికి రానివాళ్లు, గోడ చూపించినా నవ్వేవాళ్లు. నాయకుడి వేషం మాత్రం ఆ మాజీ మొగుడే వేశాడు. అప్పటికి తాకొద్దనే రూలు పోయింది, ఎవరు ఎవరి నాడైనా పట్టుకోవచ్చు.

చివర్లో డైరెక్టరు వేదికెక్కి, పూలగుత్తి పట్టుకుని మాట్లాడాడు. "ఎన్నో థియేటర్లు ఎన్నో పోగొట్టుకున్నాయి. మా కుటుంబం మాత్రం ఈ చీకటి కాలంలో ఒక్కరిని కూడా పోగొట్టుకోలేదు." జనం లేచి నిలబడ్డారు. ఆ మాజీ మొగుడు డైరెక్టరు పక్కనే నిలబడి తలొంచుకున్నాడు. వంగి నమస్కారం పెడుతున్నాడో, ఇంకేమైనానో, తెర పక్కనుంచి నాకు తెలియలేదు.

విప్పిన బట్టలు అక్కడే పడేసి ముందువైపుకి నడిచాను. లోపల జరిగేదంతా గేటు దగ్గరికి కూడా స్పీకర్లో వినిపిస్తుంది. ఆమె ఆ స్పీకరు కిందనే నిలబడి ఉంది.

"విన్నావా?" అన్నాను.

"విన్నాను."

నాకు జర్మన్‌లో తిట్లు రావు, తెలుగులోనే తిట్టాను, మా గుంటూరు జిల్లా మొత్తం వినిపించేట్టు. ఆమెకి మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. నా భుజంమీద చెయ్యి వేసింది.

"ఆయన అబద్ధమేం చెప్పలేదు అక్కా" అంది. "నన్ను పోగొట్టుకుని ఉంటే వెతికేవాళ్లు కదా."

లోపలి నుంచి జనం రావడం మొదలైంది. ఆమె పక్కకి జరిగి, వాళ్లకోసం తలుపు తెరిచి పట్టుకుంది.